ఇంజెక్టరు మార్పు: స్వహస్తమా, షోరూమా?

కనకమామిడి, చేవెళ్ల ప్రాంతములలో ట్రాక్టరు నల్లని పొగ విడుచుచున్నచో మనము మొదట ఎయిర్ క్లీనరును శుభ్రపరచవలెను. అప్పటికిని పొగ తగ్గనిచో ఇంజెక్టరును శంకింపవలెను.

పాత యంత్రములలో అది సుమారు 200 బార్ల పీడనమున తెరచుకొనును. చుట్టునున్న మట్టిని తుడిచి, మనమే ఊడదీసి, పంపు షాపులో పరీక్షింపజేసి, క్రొత్త రాగి వాషరుతో బిగించుకొనవచ్చును. ఒక్కొక్కప్పుడు నాజిలు మార్చిన చాలును.

2023 నుండి 50 అశ్వశక్తికి మించిన క్రొత్త ట్రాక్టర్లకు పొగ నిబంధనలు కఠినములగుటచే కామన్‌రైలు విధానము ప్రబలినది. అందు పీడనము వేయి బార్లను మించును. పలు నమూనాలలో క్రొత్త ఇంజెక్టరు సంకేతమును కంప్యూటరులో నమోదు చేయవలెను. ఆ పనికి షోరూమునకు సొమ్ము చెల్లించుటయే మేలని మా అభిప్రాయము.

ఏ యంత్రమైనను, చిమ్ముచున్న డీజిలునకు చేయి అడ్డుపెట్టరాదు. అది చర్మమును చీల్చి లోనికి దూరును. నొప్పి స్వల్పమైనను తక్షణమే ఆసుపత్రికి పోవలెను.