పని ప్రతిపాదనలకు మాదిరి పత్రము



ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట గ్రామములకు చెరువే ప్రాణము. మన జిల్లాలో అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వానలు ముమ్మరముగా కురియును. ఆలోపల తూము మరమ్మతు జరుగనిచో వచ్చిన నీరు వచ్చినట్లే పోవును. ప్రతిపాదనలో ఒక్క కాగితము లోపించి తిరిగివచ్చినను అదను తప్పును.

1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పేర్కొన్నది. చిన్నతరహా నీటిపారుదల అందొకటి. ఆ బాధ్యతకు తగిన సాధనము కావలెను.

కావున ప్రతి పంచాయతీయు ఒక మాదిరి ప్రతిపాదన పత్రమును సిద్ధపరచుకొనవలెనని మా మనవి. తీర్మానపు నమూనా, టెండరు షరతులు, జతపరచవలసిన కాగితముల జాబితా వంటివి పనిపనికి మారవు. వానిని అందు స్థిరముగా నుంచవచ్చును. పని పేరు, సర్వే నంబరు, కొలతలు, రేట్లు, గడువు మాత్రము ఖాళీగా విడువవలెను.

ఆ ఖాళీలను పాత కాగితము చూచి నింపరాదు. రేట్లు ఆ సంవత్సరపు ప్రామాణిక రేట్ల పట్టిక నుండియే గ్రహింపవలెను. కొలతలు చెరువు గట్టున టేపు పట్టియే తీయవలెను. ప్రక్క ఊరి తూము కొలత మన తూమునకు సరిపడునా? షరతులను కూడ ఏటేట ఒకసారి సరిచూడవలెను.

ఈ వేసవిలోనే కార్యదర్శితోను, ఇంజనీరుతోను కూర్చుండి మాదిరిని వ్రాయించి, గ్రామసభలో చదివి వినిపింపుడు.