పాత రాగినాణెముల తరము

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మంచి సరకును మనవారు ‘నాణెమైన సరకు’ అందురు. ‘డబ్బు’ అను మాటయు మొదట ఇరువది కాసుల విలువగల ఒక రాగినాణెమునకు పేరు. క్రమముగా ధనమంతటికిని అదియే పేరైనది. నాణెమును పరీక్షించి మంచిచెడ్డలు చెప్పువానికి నోటగాడని పేరు. కనుక నేడు నేను మాట్లాడబూనిన విషయము మన భాషకు కొత్తది కాదు, మన యిండ్లకును కొత్తది కాదు.

ఉద్యోగరీత్యా ఊరూరు తిరిగిన మన కుటుంబములలో పెట్టెలతోపాటు ప్రయాణము చేసిన చిన్న సంచి ఒకటి తరచుగా ఉండును. అందు కాణీలు, దమ్మిడీలు, 1943లో వెలువడిన చిల్లుకాణీలు, పేరు తెలియని రాగిబిళ్లలు కలగలిసి యుండును. ఆ సంచి వారసుల చేతికి వచ్చిన దినమున రెండు ప్రమాదములు పొంచియుండును. ఒకటి చింతపండు, రెండవది లక్షల రూపాయల ఆశ. ఈ రెంటినుండి తప్పించుకొనుటకు నాణెపు తరము తెలిసికొనుట యొక్కటే ఉపాయము.

తరము నిర్ణయించుటలో నాలుగు విషయములను వేరువేరుగా చూడవలెను: అరుగుదల, అచ్చు పడిన తీరు, లోహపు ఉపరితలము, రంగు. వీనిని కలగాపులగము చేసినచో తీర్పు తప్పును.

ఉదాహరణకు మద్రాసు రాజధానికొరకు ఈస్టిండియా కంపెనీవారు 1808లో వేయించిన ఇరువది కాసుల నాణెమును తీసికొందము. బర్మింగ్‌హాములో మాథ్యూ బౌల్టన్ స్థాపించిన సోహో టంకశాలలో ఆవిరియంత్రములపై అది తయారైనది. బరువు సుమారు తొమ్మిది గ్రాములు. బొమ్మవైపు కంపెనీవారి చిహ్నము: నడుమ డాలు, ఇరువైపుల జెండాలు పట్టిన సింహములు. బొరుసువైపు పారసీక లిపి, రోమను అంకెలలో విలువ. చేతులు మారినకొలది ముందుగా అరుగునది ఎత్తైన భాగము. కావున మొదట చూడవలసినది సింహముల జూలు.

జూలు పూర్తిగా చదునై, డాలు, సింహముల ఆకారములు మాత్రము నిలిచి, సంవత్సరము చదువుటకు వీలుగానున్నచో దానిని ‘గుడ్’ అందురు. ఆ మాట విని మోసపోరాదు. నాణెముల పరిభాషలో గుడ్ అనగా చాల అరిగినదని అర్థము. డాలులోని ముఖ్యరేఖలు స్పష్టమైనచో ‘ఫైన్’; జూలులో కొన్ని వెండ్రుకలు కూడ కనిపించినచో ‘వెరీ ఫైన్’; మిక్కిలి ఎత్తైన చోట్ల మాత్రమే స్వల్పముగా అరిగినచో ‘ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్’; అరుగుదల ఏమియు లేనిచో ‘అన్‌సర్క్యులేటెడ్’. విలియం షెల్డన్ అను అమెరికను 1949లో ఈ తరములకు 1 మొదలు 70 వరకు అంకెలు ఏర్పరచెను. అవి మొదట అమెరికా దేశపు తొలినాటి రాగి సెంట్లకొరకు పుట్టినవే. తరువాత అన్ని లోహముల నాణెములకును వ్యాపించినవి.

అయితే అరుగుదల యొక్కటే తరము కాదు. ఇట్టి కాసులను మోసికొని బయలుదేరిన ‘అడ్మిరల్ గార్డ్‌నర్’ అను ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరమున గుడ్విన్ ఇసుకతిన్నెలపై మునిగిపోయినది. 1980 తరువాతి సంవత్సరములలో వానిని పెద్దసంఖ్యలో వెలికితీసిరి. అవి ఏ బజారునను చెల్లలేదు, ఎవరి చేతను అరుగలేదు. అయినను ఉప్పునీరు తిని పలుబిళ్లల ఉపరితలము గరుకెక్కినది. ముద్ర స్ఫుటముగానున్నదని అట్టిదానిని నిర్దుష్టమనుట తగదు. గరుకుగానున్నదని అరిగినదనుటయు తగదు. రెండును విడివిడిగా వ్రాయవలెను.

యంత్రము రాకపూర్వపు విజయనగర, గోలకొండ రాగినాణెములకు ఈ కొలత నేరుగా వర్తింపదు. అవి సుత్తిదెబ్బతో ముద్రింపబడినవి. అచ్చు పెద్దదై బిళ్ల చిన్నదైనందున అక్షరములు కొన్ని బయటికి పోవుట సామాన్యము. అచట లేని అక్షరము అరిగిపోయినది కాదు. ఆ బిళ్లపై అది ఎన్నడును పడలేదు. ముద్ర ఎంత పడినది, పడినంతలో ఎంత నిలిచినది అను రెండు ప్రశ్నలు వేసికొనవలెను.

ఇక రంగు. కొత్తరాగి ఎఱ్ఱగానుండి, గాలి సోకి క్రమముగా గోధుమవన్నెకు తిరుగును. ఆ గట్టి పొర నాణెమునకు కవచము. రెండు వందల యేండ్ల నాణెము గులాబివన్నెతో నిగనిగలాడుచున్నచో సంతోషింపక అనుమానింపవలెను. భూతద్దముతో చూచిన తోముడు గీతలు సన్నగా కనిపించును. పూజచెంబును చింతపండుతో తోముట మంచి అలవాటే. కాని ఆ పులుపు నాణెముపై కవచమును కరగించును. పోయిన పొర మరల రాదు. అది ఎంత స్ఫుటమైన నాణెమైనను వెల పడిపోవును.

చిలుము రెండు విధములు. గట్టిగా, నున్నగా అంటుకొన్నది నిలకడగా ఉండును. లేతపచ్చని పొడివలె రాలుచు మచ్చమచ్చగా పెరుగునది ఉప్పును తేమయు కలిసి కలిగించు రోగము. అట్టి నాణెమును వేరుచేసి, పొడిచోట నుంచి, మ్యూజియము నిపుణులకు చూపవలెను. మెత్తని ప్లాస్టికు సంచులు జిగురైన పచ్చదనము పట్టించును, వానిని వాడరాదు. నాణెమును అంచులు మాత్రమే పట్టి ఎత్తవలెను. చేతిచెమట కూడ దానికి శత్రువే.

రెండవ ప్రమాదమునకు వత్తును. సీతారామలక్ష్మణుల కొలువుతో 1818 అను సంవత్సరము గల ‘అర్ధణా’ లక్షలు పలుకునని చెప్పువారున్నారు. కంపెనీవారి మద్రాసు వరహాలపై దేవతామూర్తులున్న మాట నిజమే. కాని ఈ కొలువు అర్ధణాను కంపెనీ ఎన్నడును వేయలేదు. అవి తరువాతివారు చేసిన బిళ్లలు. పూజలో నుంచుకొనుటకు అభ్యంతరము లేదు. పిల్లల చదువు సొమ్ముతో కొనుట మాత్రము కూడదు. అసలు నాణెములకు బరువు నియతము. 1835 శాసనము ననుసరించిన రాగి పావు అణా, అనగా మన కాణీ, 100 గ్రెయిన్లు. సుమారు ఆరున్నర గ్రాములు. తూచి చూచినచో సగము సందేహము తీరును. అయస్కాంతమునకు అంటుకొన్నది రాగియే కాదు.

ఉద్యోగస్థులమగుటచే చట్టము మాట కూడ చెప్పవలెను. భూమిలో దొరికిన నిక్షేపము 10 రూపాయల విలువ మించినచో కలెక్టరుకు తెలుపవలెనని 1878 నాటి చట్టము విధించినది. నూరేండ్లు నిండిన నాణెము 1972 చట్టము ప్రకారము పురావస్తువు. దానిని విదేశమందున్న కుమారునికి కానుకగా పంపుటయు ఎగుమతియే, మనవంటివారికి నిషిద్ధమే.

సోదరులారా! మన సంచులలోని కాణీలు చాలవరకు సామాన్యమైనవే. వానిని అమ్మి ఎవరును ధనవంతులు కాజాలరు. కాని ‘ఫైన్’ అను ఒక్కమాట వెనుక ఎన్నో సంతల బేరములు, ఎన్నో కొంగుముడులు ఉన్నవి. ఆ అరుగుదలయే దాని చరిత్ర. నేడే ఒక్కొక్క నాణెమును ఒక్కొక్క కాగితపు కవరులో నుంచి, అది ఎవరిది, ఏ ఊరినుండి వచ్చినది, బరువెంత అను మూడు సంగతులను వ్రాసిపెట్టుడు. పెద్దలు జీవించియుండగనే వారిని అడిగి వ్రాయుడు. ఆ వివరములు ఏ భూతద్దమునకును కనిపింపవు.