ఏ కణం ముందు చనిపోయింది? చాందీపురా వైరస్, పసిపిల్లల మెదడు, మూలకణాలు

ఎల్లాప్రగడ సుబ్బారావు పేరు మీద మాట్లాడే అవకాశం ఏ జీవశాస్త్ర పరిశోధకుడికైనా పెద్ద గౌరవం. 1895లో భీమవరంలో పుట్టి 1948లో అమెరికాలో కన్నుమూసిన ఆ మహనీయుడి కథ తెలుగువారికి కొత్త కాదు. ఫాస్పరస్‌ను కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి, ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు హెట్రజాన్ గురించి ఎందరో రాశారు. ఇక్కడ ఒక్క మందు సంగతి చాలు. లెడర్లే పరిశోధనశాలలో పరిశోధనకు ఆయన సారథ్యం వహించిన రోజుల్లోనే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను తీశారు. టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిది అదే. ఆ కుటుంబంలోనే తర్వాత వచ్చిన మినోసైక్లిన్‌తో ఈ ప్రసంగానికి పని ఉంది. సుబ్బారావు స్ప్రూ జబ్బుకు సొంత అన్నదమ్ములను పోగొట్టుకున్న మనిషి. కారణం తేలని చావును ఊరికే వదిలేసే స్వభావం ఆయనది కాదు. ఆ స్ఫూర్తితోనే, ఇరవై ఏళ్లు దాటినా తెగని ఒక వివాదాన్ని ఈ సభ ముందు మళ్లీ తెరవడం.

మెదడు కణాల గురించి అందరికీ తెలిసిన సంగతులను రెండు మాటల్లో ముగించవచ్చు. సంకేతాలు మోసేవి న్యూరాన్లు. వాటిని పోషించేవి ఆస్ట్రోసైట్లు. కాపలా కాసేవి మైక్రోగ్లియా. ఈ కాపలా కణాలు అదుపు తప్పితే, అవి చిమ్మే రసాయనాలు పక్కనున్న న్యూరాన్లనే చంపుతాయి. న్యూరాన్లకూ ఆస్ట్రోసైట్లకూ పుట్టిల్లయిన నాడీ మూలకణాలు వేరే ఉన్నాయి. పెద్దవాళ్ల హిప్పోకాంపస్‌లో కొత్త న్యూరాన్లు పుడతాయా లేదా అన్న వాదం 1965లో జోసెఫ్ ఆల్ట్‌మన్, గోపాల్ దాస్ ఎలుకల మీద రాసిన పత్రంతో ఊపందుకుంది. 2018లో ఒకే ఏడాది వచ్చిన రెండు ప్రసిద్ధ పత్రాలు పరస్పర విరుద్ధమైన జవాబులిచ్చాయి. వైరస్‌లు మూలకణాలను పట్టుకోగలవన్నదానిలో మాత్రం అంత వివాదం లేదు. గర్భంలోని శిశువుల మెదడును జికా ఎలా కుదించిందో 2016లో ప్రయోగశాలలో పెంచిన మానవ నాడీ మూలకణాలే చూపించాయి. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 2008లో, మనేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో సులగ్నా దాస్, అనిర్బన్ బసు జపనీస్ మెదడువాపు వైరస్ నాడీ మూలకణాల్లో చొరబడి, వాటి విభజనను తగ్గిస్తుందని రాశారు. ఆ జబ్బు నుంచి బతికి బయటపడిన పిల్లల్లో చాలామందికి మాటా నడకా చదువూ దెబ్బతినడానికి ఇది ఒక కారణం కావచ్చని ఆ పని సూచించింది.

ఇక అసలు తగాదా. 2003 జూన్ నుంచి ఆగస్టు దాకా అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా కరీంనగర్, వరంగల్ వైపు, పిల్లలకు హఠాత్తుగా జ్వరం వచ్చింది. వాంతులు, ఫిట్స్, ఆ వెంటనే అపస్మారకం. చాలామంది ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణాలు విడిచారు. జబ్బుపడిన 329 మందిలో 183 మంది చనిపోయారు. పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ బృందం 2004లో లాన్సెట్ పత్రికలో కారకాన్ని ప్రకటించింది: 1965లో నాగపూర్ దగ్గరి చాందీపురా గ్రామంలో దొరికిన, ఇసుక ఈగలు మోసే వైరస్.

ఆ నిర్ణయాన్ని అందరూ ఒప్పుకోలేదు. పిల్లల నాడీవైద్యుడు పి. నాగభూషణరావు, ఆయన సహచరులు అదే ఏడాది ఎదురు వాదన పెట్టారు. వారి దృష్టిలో ఇది మెదడువాపు కాదు. మెదడు మధ్య ధమనిలో రక్తం ఆగిపోయి వచ్చిన స్ట్రోక్. వెల్లూరు వైరాలజిస్టు టి. జేకబ్ జాన్ 2003లోనే ఇండియన్ పీడియాట్రిక్స్‌లో, మెదడులో ఏ రకమైన దెబ్బ తగిలిందో ముందు తేల్చాలని అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనది. పుణే బృందం పత్రంలో మెదడు కణజాలం ఆధారం మరణించిన ఒక బిడ్డది మాత్రమే. 183 చావులకు అది చాలదు. రోగ నిర్ధారణను ప్రశ్నించిన వైద్యులకు అడ్డుపుల్లలు వేసేవాళ్లన్న ముద్ర వేయడం అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే.

అయినా స్ట్రోక్ వాదం నిలవదని ఈ ఉపన్యాసకుడు చాలాకాలంగా చెబుతున్నాడు. అందుకు నాలుగు కారణాలున్నాయి.

మొదటిది వెన్నునీరు. అందులో తెల్లకణాలు పెరగలేదు కాబట్టి మెదడువాపు కాదన్నారు. తెల్లకణాలు రక్తం నుంచి మెదడు పొరల్లోకి చేరడానికి సమయం కావాలి. ఒక్క రోజులో ముగిసిపోయే జబ్బులో వాటి జాడ లేకపోతే వైరస్ నిర్దోషి అయిపోదు.

రెండోది స్కాన్. ధమని పరిధిలో చచ్చిన కణజాలం కనిపిస్తే, అక్కడ కణాలు చచ్చాయని మాత్రమే రుజువవుతుంది. ముందు రక్తనాళం మూసుకుందా, లేక ముందు న్యూరాన్లు చచ్చి, మెదడు ఉబ్బి, ఆ ఒత్తిడికి నాళాలు నలిగాయా అన్నది ఆలస్యంగా తీసిన ఒక్క చిత్రం చెప్పలేదు.

మూడోది పునరావృతం. 2003 నాటి వైరస్ కాకతాళీయంగా దొరికిందనుకుంటే, ఆ తర్వాత జరిగినదానికి జవాబు ఉండదు. 2004లో గుజరాత్‌లో ఇదే తరహాలో పిల్లలు జబ్బుపడి, వారిలో ఎక్కువమంది చనిపోయారు. అక్కడా చాందీపురానే దొరికింది. 2005 మే నుంచి 2006 ఏప్రిల్ దాకా ఉత్తర తెలంగాణ పిల్లలపై జరిగిన అధ్యయనం మరింత బలమైనది. పరీక్షకు నోచుకున్న 52 మందిలో 25 మందికి ఈ వైరసే కారణమని తేలింది. అక్కడికి ఎవరూ ఈ వైరస్‌నే వెతుక్కుంటూ వెళ్లలేదు. పరీక్షించిన పిల్లల్లో దాదాపు సగంమందిలో అది బయటపడింది.

నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, కణం చెప్పే సాక్ష్యం. 2013లో సౌరీశ్ ఘోష్, కల్లోల్ దత్తా, అనిర్బన్ బసు ఒక పత్రం ప్రచురించారు. చాందీపురా వైరస్ సోకిన న్యూరాన్ ఆత్మహత్యకు పాల్పడుతుందని, కణం పైపొరలోని ఫాస్ అనే గ్రాహకం దానికి మీట నొక్కుతుందని, కాస్పేజ్-8 అనే ఎంజైమ్ ద్వారా కాస్పేజ్-3 పనిచేస్తుందని చూపారు. 2016లో అదే ప్రయోగశాల, రెచ్చిపోయిన మైక్రోగ్లియా చిమ్మే రసాయనాలు కూడా న్యూరాన్లను చంపుతాయని రాసింది. పళ్లెంలో పెంచిన న్యూరాన్‌కు ధమని లేదు, రక్తప్రసరణ లేదు. అయినా వైరస్ తగిలితే అది చచ్చిపోతోంది. స్ట్రోక్ లేకుండానే చావుకు దారి ఉందని దీంతో తేలింది.

దీనికి ప్రత్యర్థుల దగ్గర గట్టి సమాధానమే ఉంది: ఇవి ఎలుక కణాలు, ఎలుక పిల్లలు, కరీంనగర్ బిడ్డ మెదడు కాదు. నిజమే. ఎలుకలో దారి ఉన్నంత మాత్రాన మనిషిలోనూ వైరస్ ఆ దారే పట్టిందని చెప్పలేం. మినోసైక్లిన్ అనుభవం ఇక్కడ పాఠం. 2008లో మనోజ్ కుమార్ మిశ్రా, బసు జపనీస్ మెదడువాపు సోకిన ఎలుకలను ఆ మందు కాపాడుతుందని, మైక్రోగ్లియా ఆవేశాన్ని తగ్గిస్తుందని చూపారు. తర్వాత లక్నోలో 281 మంది మెదడువాపు రోగులపై పరీక్షిస్తే, మూడు నెలల మరణాల్లో గణాంకపరంగా నిలిచే తేడా రాలేదు. మొదటి రోజు గండం దాటినవాళ్లలో కొంత మేలు జరిగిన సూచన ఉంది, కానీ అదీ రుజువు కాలేదు. ఎలుకకూ మనిషికీ మధ్య ఉన్న ఈ దూరాన్ని దాటించగలిగేవి మూలకణాలే.

షిన్యా యమనాకా 2006లో ఎలుక చర్మకణాలను, 2007లో మనిషి చర్మకణాలను మూలకణ దశకు వెనక్కి తిప్పారు. 2013లో మాడెలీన్ లాంకాస్టర్ బృందం వియన్నాలో అలాంటి కణాల నుంచి బఠానీ గింజంత మెదడు ముద్దను పెంచింది. అయితే ఆ ముద్దలో రెండు లోటులున్నాయి. మైక్రోగ్లియా పిండంలోని పచ్చసొన సంచి నుంచి మెదడులోకి వలస వస్తాయి, అందుకే అలా నాడీ కణజాలంగా పెంచిన ముద్దలో అవి సాధారణంగా ఉండవు. రక్తనాళాలూ ఉండవు. ఈ తగాదాలో నిందితులు ముగ్గురు: న్యూరాన్, మైక్రోగ్లియా, రక్తనాళం. వారిలో ఇద్దరు లేకుండా విచారణ ఎలా సాగుతుంది?

ఈ ఉపన్యాసకుడు ఇప్పుడు తలపెట్టిన పని ఆ ముగ్గురినీ ఒకచోట చేర్చడమే. ఒకే మనిషి కణాల నుంచి మెదడు ముద్దను, మైక్రోగ్లియాను, రక్తనాళాల లోపలి పొర కణాలను విడివిడిగా పెంచి కలపాలి. వైరస్ ఎక్కించాక మొదటి రోజంతా గంటగంటకూ నమూనాలు తీయాలి. ముందు న్యూరాన్‌లో కాస్పేజ్-8 మేలుకుంటే ఒక పక్షానికి బలం. ముందు నాళపు పొర చిట్లితే మరో పక్షానికి. రెండో ఫలితం వస్తే స్ట్రోక్ వాదాన్ని కొత్తగా పరిశీలించాల్సిందే. పళ్లెంలో రక్తపోటు ఉండదు, నెత్తురు గడ్డకట్టదు కాబట్టి ఆసుపత్రి సాక్ష్యం కూడా తోడు కావాలి.

ఆ అవసరం తీరిపోలేదు. 2024 జూన్ నుంచి ఆగస్టు 15 వరకు మన దేశంలో 245 తీవ్ర మెదడువాపు కేసులు, 82 మరణాలు నమోదయ్యాయని, వాటిలో 64 చాందీపురాగా నిర్ధారణ అయ్యాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అవి ఎక్కువగా గుజరాత్‌లో వచ్చినవే. మళ్లీ వర్షాకాలం రాకముందే ఉత్తర తెలంగాణలోని పెద్దాసుపత్రుల్లో మూడు ఏర్పాట్లు జరగాలి: బిడ్డ చేరిన తొలి గంటల్లోనే రక్తనాళాలు కూడా కనిపించేలా ఎమ్మారై, అదే పూట రక్తం, వెన్నునీటి నమూనాలు, బిడ్డ దక్కకపోతే తల్లిదండ్రుల అనుమతితో సూదితో తీసే కొద్దిపాటి మెదడు కణజాలం. ఆ కణజాలంలోనూ, పళ్లెంలోని మెదడు ముద్దలోనూ ఒకే గుర్తుల కోసం వెతకాలన్నది ఈ ప్రతిపాదన. 2003 నాటి జబ్బు స్ట్రోక్ అని వాదించిన వైద్యుల్ని కూడా ఆ స్లైడ్లు చదివే బృందంలోకి పిలవాలి.