ఓక్రకోక్: ఓడలకు దారి చూపినవారి దీవి

అమెరికాలోని ఉత్తర కరోలినా తీరాన, సముద్రానికీ పామ్లికో అనే ఉప్పునీటి కయ్యకూ నడుమ సన్నగా సాగిన ఓక్రకోక్ దీవిలో జనం స్థిరపడడానికి కారణం సేద్యం కాదు, ఓడల రాకపోకలు. దీవి పక్కనున్న మొగలో, అంటే సముద్రాన్ని కయ్యతో కలిపే ఇరుకు మార్గంలో, ఇసుక మేటలు తరచూ చోటు మారుతుండడంతో కొత్త నావికులకు దారి అంతుపట్టేది కాదు. 1585లో సర్ రిచర్డ్ గ్రెన్‌విల్ ఓడ ‘టైగర్’ ఇక్కడే నేల తట్టింది. అందుకే తాడుకు కట్టిన సీసపు గుండుతో లోతు చూస్తూ ఓడలను నడిపించే పైలట్లను ఇక్కడ నిలపడానికి వలస శాసనసభ 1715లో చట్టం చేసింది. 1718లో సముద్రపు దొంగ బ్లాక్‌బియర్డ్ ఈ దీవి చెంతనే హతుడైన కథకే పేరు ఎక్కువ వచ్చింది గానీ, ఊరికి పునాది మాత్రం పైలట్లదే. 1759లో ఈ దీవిని కొన్న విలియం హోవర్డ్ వంశీకులు నేటికీ అక్కడ నివసిస్తున్నారు.