శనగచేలపై వాయుగుండము

కుందూనదీ ప్రాంతమగు కోయిలకుంట్ల నల్లరేగడి నేలలయందు అక్టోబరు, నవంబరు మాసములలో విత్తిన శనగపైరు, వానలు వెనుదీసిన పిదప భూమి దాచుకొన్న పదనునే త్రావి, రాత్రి కురిసిన మంచును ఆకుల నిలుపుకొని, జనవరి, ఫిబ్రవరి నాటికి కోతకు వచ్చును. వేకువనే చేనికి పోయినవాని పంచె అంచు తడిసి పుల్లనగును. ఆ పులుపు ఆకులు స్రవించు ఆమ్లమే. ఎండకు బెదరని యీ పైరు నీటికి ఓర్వలేకుండుట ఎంత విచారకరము! బంగాళాఖాతమున వాయుగుండము పుట్టి నాలుగు దినములు ముసురు పట్టినచో పూత రాలును, రేగడిలో నీరు నిలిచి వేళ్లు కుళ్లును, మబ్బుచాటున శనగపచ్చ పురుగు ప్రబలును. 2021 నవంబరులో చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్టను త్రెంచిన వానలు సీమలోని శనగచేలను గూడ ముంచినవి. రైతుసోదరులారా, వాన వెలిసిన నాడే కాలువ తీసి నీటిని వెడలింపుడు.