కడుపు నిండ తిని బరువు తగ్గుట

విరుదునగరమున నూనెలో వేగిన పరోటా, కోవిల్‌పట్టిలో 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన వేరుసెనగ మిఠాయి. వీటి నడుమ బరువు తగ్గగోరువారికి పస్తే మార్గమని తోచును. కాని పస్తున్నవారు సాయంకాలము అంగడి దాటలేరు. నూరు గ్రాముల వేరుసెనగ గింజలలో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులున్నవి. 560 కేలరీలకు పైగా శక్తియు ఉన్నది. బెల్లపు పాకపు ముక్క క్షణములో ముగియును. ఉడికించిన కాయలు గుప్పెడు ఒలిచి తినుటకు సమయము పట్టును, నీరు చేరినందున కడుపూ నిండును. ఈ కరిసల్ నేలలో పండు సజ్జలు, అనగా కంబు, తెల్లన్నము వచ్చిన పిమ్మట పేదల కూడనిపించుకొన్నవి. మొదట మారవలసినది ఆ తలపే. ఒకపూట పరోటా తిన్నవారు (ఒక్కదానితో లేచువారు అరుదు) మరుపూట పస్తుండనక్కరలేదు. సజ్జసంకటి, పప్పుకూర, మజ్జిగ చాలును. మధుమేహమునకు మందు వాడువారు మాత్రము ముందుగా వైద్యుని అడుగవలెను.