వంతకు చోటుంచండి



నా మొదటి పాట అమ్మకు వినిపించినప్పుడు నాకు, ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీ వయసే. మానవత్వం, సమాజం, చైతన్యం అన్నీ కూర్చి రాశాను. అమ్మ బియ్యం చెరుగుతున్న చేట పక్కన పెట్టి, చివరిదాకా విన్నది. "మంచిగనే ఉంది గని బిడ్డా, ఇది ఎవల ముచ్చట?" అన్నది. జవాబు చెప్పలేకపోయాను. ఆ పాటలో మనిషే లేడు.

ఆ తర్వాతే సుద్దాల హనుమంతు పాటలు శ్రద్ధగా విన్నాను. తెలంగాణ సాయుధ పోరాటంలో పాటను పల్లెపల్లెకూ మోసిన మనిషి ఆయన. వెట్టి మీద, దొరతనం మీద గంటలకొద్దీ మాట్లాడగలడు. అయినా ఒక పాటలో పశువులు కాసే పసివాడి దగ్గర ఆగాడు. వాడు చలికి కప్పుకున్న గోనెగుడ్డను, కాళ్లకున్న తాటిమట్టల జోళ్లను చూశాడు. కొడుకును పలకరించినట్టు వాణ్ని పలకరించాడు. గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి' సినిమాలోనూ ఆ పాట ఉంది. ఏనాడూ గొడ్లు కాయని నా పిల్లలు కూడా అది వస్తుంటే మాటలు ఆపేస్తారు.

మా ఊళ్లో నాట్లప్పుడు ఒకామె పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకునేవాళ్లు. నడుమ మాట మరిచిపోతే, పక్కనున్నామె తన అత్తింటి కష్టాన్ని అక్కడ కలిపేది. మర్నాటికి అది మడిలో అందరి పాటా అయ్యేది. బుర్రకథలోనూ అంతే. కథకుడు పాత కథ చెబుతుంటాడు, పక్కనుండి వంత పాడే 'రాజకీయ వంత' దాన్ని ఈ ఊరికీ ఈ ఏటికీ తెచ్చి ముడిపెడతాడు. అంతా తానే చెప్పేసిన పాట నాకు నచ్చదు. వినేవాడు తన బతుకు పెట్టుకోవడానికి అందులో జాగా ఉండాలి.

మీలో పాటలు రాసేవాళ్లుంటే ఒక్క మనిషిని దగ్గరగా చూసి రాయండి. రాయనివాళ్లకూ ఒక పని ఉంది. ఉద్యోగాల కోసం బెంగళూరుకో డాలస్‌కో బయల్దేరే ముందు, ఇంట్లో నాయనమ్మ పక్కనో అమ్మమ్మ పక్కనో ఒక పూట కూర్చోండి. పాడమనండి. ఫోన్‌లో రికార్డు చేయండి. ఆమె పేరు, పుట్టిన ఊరు, ఆ పాట ఎవరు నేర్పారో కూడా రాసిపెట్టండి.

ఈ పని నేను ఆలస్యంగా మొదలుపెట్టాను. మా అమ్మ పాడిన నాట్ల పాటల్లో నా దగ్గర మిగిలినవి మూడే.